మూడు నెలలు చెట్టు మందు వాడి చూడమంటున్నారు, ఏం చేయను?

ప్రశ్న: నాకు 53 ఏళ్లు. ఖమ్మం జిల్లాలో ప్రభుత్వ పాఠశాలలో టీచరుగా పనిచేస్తున్నాను. నెల కిందట స్నానం చేస్తుంటే ఎడమ రొమ్ములో గడ్డ చేతికి తగిలింది. నొప్పి లేదు. హైదరాబాద్‌లో చూపిస్తే సూది పరీక్ష చేసి క్యాన్సర్ అన్నారు. గడ్డ రెండున్నర సెంటీమీటర్లు ఉందట. చంకలోని గ్రంథులకు పాకినట్టు స్కానింగ్‌లో కనిపించలేదన్నారు. ఈఆర్, పీఆర్ పాజిటివ్, హెర్2 నెగెటివ్ అని రిపోర్టులో రాశారు. ఇది రెండో దశ అని, ముందు ఆపరేషన్ చేసి ఆ తర్వాత కీమో కావాలో అక్కర్లేదో చెబుతామని, రేడియేషన్, ఆపైన అయిదేళ్ల పాటు మాత్రలు ఉంటాయని డాక్టరుగారు చెప్పారు.

మా ఇంటికి పెద్దదిక్కు మా బావగారు. కత్తి పెడితే ఈ జబ్బు ఒళ్లంతా పాకుతుందంటున్నారు. కర్ణాటకలో శివమొగ్గ వైపు చెట్టు బెరడు మందు ఇస్తారని, అక్కడికి తీసుకెళ్తానని, మూడు నెలలు వాడి చూసి తగ్గకపోతే అప్పుడు ఆపరేషన్ సంగతి ఆలోచిద్దామని పట్టుబడుతున్నారు. ఆయన స్నేహితుడి భార్యకు అలాగే తగ్గిందట. పక్కింటివారు లక్ష్మణ ఫలం తెచ్చిపెట్టారు. తోటి టీచరు ఒకామె గోధుమగడ్డి రసం, పసుపు మాత్రలు వాడమంది. అమెరికాలో ఉన్న మా అమ్మాయి ఇవేవీ ముట్టుకోవద్దని రోజూ ఫోనులో ఏడుస్తోంది. రెండేళ్ల కిందట మా బడిలోనే పనిచేసిన ఒకావిడ కీమో జరుగుతుండగానే పోయారు. ఆమె ముఖం నా కళ్ల ముందు నుంచి కదలడం లేదు. మూడు నెలలు ఆగితే ఏమవుతుంది? వైద్యం చేయించుకుంటూ ఇవన్నీ కూడా వాడవచ్చా?

సమాధానం:

టీచరుగారూ,

మీ మొదటి ప్రశ్నకు నేరుగా జవాబు చెబుతాను. మూడు నెలలు ఆగవద్దు. ఆపరేషన్‌కు తేదీ తీసుకోండి. మీరు రాసినదాన్ని బట్టి మీ జబ్బు చంకలోకి పాకినట్టు లేదు, ఈఆర్, పీఆర్ పాజిటివ్ అంటే హార్మోను మాత్రలకు లొంగే రకం. హెర్2 నెగెటివ్ అంటే గడ్డను వేగంగా పెంచే హెర్2 ప్రొటీన్ ఎక్కువగా లేదని. వైద్యం పూర్తిగా చేయించుకుంటే ఈ స్థితిలో ఉన్నవారిలో అత్యధికులు కోలుకుని తమ పనుల్లో తాము పడతారు. మూడు నెలల తర్వాత కూడా అది ఇదే స్థితిలో ఉంటుందని బావగారు గాని, బెరడు ఇచ్చేవారు గాని, నేను గాని మాట ఇవ్వలేం.

అలాగని రేపు పొద్దున్నే పరుగెత్తమని అనడం లేదు. మీ చేతికి తగిలిన గడ్డ ఆ పరిమాణానికి రావడానికి చాలా కాలమే పట్టి ఉంటుంది. ఒకటి రెండు వారాలు తీసుకుని ఇంకో క్యాన్సర్ వైద్యుడికి రిపోర్టులు చూపించడంలో తప్పేమీ లేదు, పైగా మంచిది. రెడ్ హిల్స్‌లోని ఎం.ఎన్.జె. ప్రభుత్వ ఆస్పత్రి, బంజారాహిల్స్‌లోని బసవతారకం ఆస్పత్రి మీకు అందుబాటులోనే ఉన్నాయి. అటు ఉత్తరాంధ్ర పాఠకులకైతే విశాఖ దగ్గర అగనంపూడిలో టాటా మెమోరియల్ వారి హోమీ భాభా ఆస్పత్రి ఉంది. అభిప్రాయం కోసం ఆగడం వేరు, వైద్యం మాని ఆగడం వేరు. 2020లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఒక పెద్ద విశ్లేషణ వచ్చింది. 12 లక్షలకు పైగా రోగుల సమాచారాన్ని కలిపి చూశారు. రొమ్ము క్యాన్సర్‌లో ఆపరేషన్ ప్రతి నాలుగు వారాలు ఆలస్యమయ్యే కొద్దీ మరణించే ముప్పు సుమారు 8 శాతం చొప్పున పెరుగుతూ వచ్చింది. బావగారు అడుగుతున్న గడువులో అలాంటి నాలుగు వారాలు మూడు ఉన్నాయి.

ఆ మూడు నెలలు మూడు నెలలతో ఆగవు కూడా. ఏళ్లుగా క్యాన్సర్ ఓపీలో కూర్చుని నేను చూస్తున్నది ఇదే. మొదటి విడత అయ్యాక గడ్డ మెత్తబడిందంటారు. రెండో విడత అయ్యాక విషం బయటికి వస్తోంది, అందుకే పెద్దదిగా కనిపిస్తోందంటారు. ఈలోగా పథ్యం మొదలవుతుంది. ఉప్పు వద్దు, పులుపు వద్దు, పాలు, పెరుగు, గుడ్డు, మాంసం వద్దు. మనిషి చిక్కిపోతుంది. చివరికి మందు పనిచేయలేదని తేలిన రోజున ‘మీరు పథ్యం సరిగ్గా చేయలేదు’ అంటారు. నాకు బాగా కోపం తెప్పించేది ఈ మాటే. జబ్బు పడింది ఆమె, ఆకలితో మాడింది ఆమె, తప్పు కూడా ఆమె మీదికే నెడతారు. గడ్డ పుండై, చర్మం చీలి, వాసన వస్తున్న దశలో అలాంటివారిని మా దగ్గరికి తీసుకొస్తారు. అప్పుడు ఆపరేషన్ కంటే ముందు కీమో ఇవ్వాలి. మొదట్లో గడ్డ వరకే తీస్తే సరిపోయేది, ఇప్పుడు రొమ్ము మొత్తం తీయాల్సి వస్తుంది. ఒక్కోసారి అప్పటికే ఎముకల్లోనో కాలేయంలోనో జబ్బు చేరి ఉంటుంది.

కత్తి పెడితే పాకుతుందనే భయం ఎక్కడి నుంచి వచ్చిందో బావగారికి చెప్పండి, ఆయన అర్థం చేసుకుంటారు. వెనకటి రోజుల్లో మన ఊళ్లలో జబ్బు బాగా ముదిరాకగాని ఆస్పత్రికి వెళ్లేవారు కాదు. అప్పటికే కంటికి కనిపించని కణాలు వేరే చోట్లకు చేరి ఉండేవి. ఆపరేషన్ అయిన కొన్ని నెలలకు అవి బయటపడేవి. చూసినవారు కత్తి వల్లే పాకిందనుకున్నారు. వాళ్లు చూసింది అబద్ధం కాదు, కారణం మాత్రం వేరు. సూది పరీక్ష మీద ఉన్న భయమూ ఇలాంటిదే. రొమ్ము గడ్డలో సూది పెట్టి ముక్క తీసినంత మాత్రాన ఆయుష్షు తగ్గిందనడానికి ఆధారం లేదు. ఆ ముక్క లేకపోతే మీది ఏ రకమో, ఏ మందుకు లొంగుతుందో తెలిసేదే కాదు.

వైద్యం మాని కేవలం ప్రత్యామ్నాయ మార్గాలు పట్టినవారి గతి ఏమైందో లెక్క తీసినవారున్నారు. అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2018లో ప్రచురించారు. ఇంకా దూరప్రాంతాలకు పాకని రొమ్ము, పేగు, ఊపిరితిత్తి, ప్రొస్టేట్ క్యాన్సర్లు ఉండి, ఆపరేషన్, కీమో, రేడియేషన్, హార్మోను మందులన్నీ కాదనుకుని వేరే దారి పట్టిన 281 మందిని తీసుకున్నారు. వాళ్లను అదే వయసు, అదే దశలో ఉండి మామూలు వైద్యం చేయించుకున్నవారితో పోల్చారు. అన్ని క్యాన్సర్లూ కలిపితే మరణం ముప్పు రెండున్నర రెట్లు ఎక్కువ. రొమ్ము క్యాన్సర్ ఒక్కదాన్నే చూస్తే అయిదు రెట్లకు పైనే. అయిదేళ్ల తర్వాత వైద్యం చేయించుకున్న ప్రతి 100 మంది స్త్రీలలో సుమారు 87 మంది బతికి ఉంటే, ప్రత్యామ్నాయాన్ని మాత్రమే నమ్ముకున్నవారిలో సుమారు 58 మందే మిగిలారు. వాళ్లు చదువు లేనివారో డబ్బు లేనివారో కాదు. చదువూ ఆదాయమూ ఎక్కువ ఉన్నవారే ఆ దారి పట్టడం ఎక్కువగా కనిపించింది.

మరి బావగారి స్నేహితుడి భార్యకు ఎలా తగ్గింది? ఆమెను నేను చూడలేదు కనుక ఆమె సంగతి చెప్పను. మీరు మాత్రం రెండు కాగితాలు అడగండి. ఒకటి బయాప్సీ రిపోర్టు. రొమ్ములో వచ్చే గడ్డల్లో చాలావరకు క్యాన్సర్లే కావు. ఫైబ్రోఎడినోమా, నీటి తిత్తి, చీము గడ్డ, ఒక్కోసారి క్షయ గడ్డ కూడా ఉంటాయి. ముక్క పరీక్ష లేకుండా క్యాన్సర్ తగ్గిందంటే ఏది తగ్గిందో మనకు తెలియదు. రెండోది ఆస్పత్రి డిశ్చార్జి కాగితం. ఆపరేషన్ చేయించుకుని, ఆ తర్వాత కీమోకు భయపడి చెట్టు మందు వాడినవారు చాలామంది ఉన్నారు. గడ్డ తీసేసింది కత్తి, పేరు వచ్చింది బెరడుకు.

దీనికి అందరికీ తెలిసిన ఉదాహరణ 2024 నవంబరులో జరిగింది. మాజీ క్రికెటర్ నవజ్యోత్ సింగ్ సిద్ధూ తన భార్యకు నాలుగో దశ క్యాన్సర్ తగ్గిందని చెబుతూ నిమ్మరసం, పచ్చి పసుపు, వేపాకు, ఉపవాసాల గురించి విలేకరుల సమావేశంలో వివరించారు. ఆ వీడియో రాత్రికి రాత్రే దేశమంతా తిరిగింది. ఆమె ఆపరేషన్, కీమో వంటి వైద్యమంతా చేయించుకున్నారు. ఆ మాట వీడియోలు చూసినవారికి చేరలేదు. టాటా మెమోరియల్‌లో పనిచేస్తున్న, గతంలో పనిచేసిన 262 మంది క్యాన్సర్ వైద్యులు ఈ మాటలు నమ్మి వైద్యం ఆపవద్దని, ఆలస్యం చేయవద్దని సంతకాలతో ప్రకటన ఇవ్వాల్సి వచ్చింది. ఆ తర్వాత సిద్ధూ కూడా ఆహార నియమాలను డాక్టర్ల సలహాతోనే, వైద్యానికి తోడుగానే పాటించామని చెప్పారు. ఆ వారంలో మా ఓపీకి వచ్చిన ప్రతి ఇంటివారూ వేపాకు గురించే అడిగారు.

ఇక మీ రెండో ప్రశ్న. వైద్యం చేయించుకుంటూ ఇవి కూడా వాడవచ్చా? దీనికి ఒక్క మాటలో అవునని గాని కాదని గాని చెప్పలేను. ఎవరేది తెచ్చి ఇచ్చినా, ఇది దేనికోసం అని అడగండి. గడ్డను కరిగించడానికి అంటే తీసుకోవద్దు. వాంతి తగ్గడానికో, నిద్ర పట్టడానికో, నొప్పి ఓర్చుకోవడానికో అంటే అప్పుడు ఆ వస్తువు మీ వైద్యానికి అడ్డం వస్తుందా రాదా అని డాక్టరును అడగండి.

అడ్డం రావడం అంటే ఏమిటో చెబుతాను. ఒకసారి ఓపీలో ఒక పెద్దాయన కీమోకు వచ్చారు. అంతకుముందు పరీక్షల్లో కాలేయం బాగానే ఉంది, ఆ రోజు రక్తపరీక్షలో కామెర్లను చూపే బిలిరుబిన్ పెరిగింది, కళ్లు పచ్చబడ్డాయి. ఏమైనా వాడుతున్నారా అంటే ఏమీ లేదన్నారు. చాలాసేపటికి ఆయన భార్య కొంగు ముడి విప్పి నూనె మరకలు పడిన న్యూస్‌పేపరు పొట్లం బల్ల మీద పెట్టింది. లోపల నల్లటి పొడి. పేరు లేదు, తయారుచేసినవారు లేరు, తేదీ లేదు. పూటకు చెంచాడు చొప్పున తేనెలో ఇస్తున్నానని చెప్పింది. ఆ రోజు కీమో ఆపాం. పొడి మానేశాక కాలేయం కుదుటపడటానికి వారాలు పట్టింది, అన్ని వారాలూ కీమో లేదు. ఆ తల్లి చేసిందంతా ప్రేమతోనే. చెబితే తిడతామనే భయంతో దాచింది. అందుకే అడిగితే తిట్టకుండా వినడం నేర్చుకోవాలని మా దగ్గర పనిచేసే చిన్న డాక్టర్లకు నేను చెబుతుంటాను.

ఇలాంటి పేరులేని పొడుల్లో స్టెరాయిడ్ కలిపే మోసం కూడా ఉంది. మొదటి వారంలో ఆకలి పుడుతుంది, నొప్పి తగ్గుతుంది, ముఖం నిండుగా కనిపిస్తుంది. మందు పనిచేస్తోందని ఇల్లంతా సంబరపడుతుంది. లోపల గడ్డ తన పని తాను చేసుకుంటూనే ఉంటుంది. అమెరికాలో అమ్ముతున్న ఆయుర్వేద ఉత్పత్తులను 2004లోనూ 2008లోనూ పరీక్షించినప్పుడు సుమారు అయిదింట ఒకదానిలో సీసం, పాదరసం, ఆర్సెనిక్ వంటివి బయటపడ్డాయి. చదువుకున్న ఆయుర్వేద వైద్యుల మీద నాకు గౌరవం ఉంది. నిద్రకో జీర్ణానికో వారి దగ్గరికి వెళ్లాలనిపిస్తే వెళ్లండి. మీకు క్యాన్సర్ వైద్యం జరుగుతోందని మొదటే చెప్పండి. భస్మాలు మాత్రం వద్దు.

మీరు అడిగినవాటి సంగతికొస్తే, లక్ష్మణ ఫలం కీమో కంటే పదివేల రెట్లు బలమైనదని వాట్సాప్‌లో తిరిగే సందేశం మీకూ వచ్చే ఉంటుంది. దాని మూలం ప్రయోగశాలలో గాజుపాత్రలోని కణాల మీద చేసిన పరీక్ష. మనుషుల్లో క్యాన్సర్ నయమైందన్న రుజువు లేదు. ఆ పండులోనూ ఆకులోనూ అనోనాసిన్ అనే పదార్థం ఉంది, అది నాడులకు మంచిది కాదు. కరీబియన్ దీవి గ్వాడెలూప్‌లో ఈ పండును, ఆకు కషాయాన్ని ఎక్కువగా వాడేవారిలో పార్కిన్సన్స్‌ను పోలిన జబ్బు కనిపించిందని అక్కడి వైద్యులు గుర్తించారు. పక్కింటివారు తెచ్చిన పండు ఒక ముక్క తింటే ఏమీ కాదు. రోజూ కషాయం, గొట్టం మాత్రలు మాత్రం వద్దు.

పసుపు కూరలో ఎంతైనా వేసుకోండి. మాత్రల సంగతి వేరు. పసుపులోని కర్క్యుమిన్ ఒంటికి సరిగా పట్టదు కనుక చాలా కంపెనీలు మిరియాల సారం కలుపుతాయి. మనం వేసుకునే ఇతర మందులను కాలేయం మార్చే తీరునే ఆ మిశ్రమం మారుస్తుంది. 2019లో నెదర్లాండ్స్‌లో టామాక్సిఫెన్ అనే హార్మోను మాత్ర వాడుతున్న స్త్రీలకు ఇచ్చి చూస్తే, రక్తంలో ఆ మందు పనిచేసే రూపం తగ్గింది. అయిదేళ్లు మీకు కాపలా కాయాల్సింది అలాంటి మాత్రే. దాని బలం తగ్గించుకోవడం ఎందుకు? కాలేయం దెబ్బతిన్న సందర్భాలు కూడా పసుపు మాత్రలతో నమోదయ్యాయి. తిప్పతీగతో అలాంటివి ముంబయి కాలేయ వైద్యులు 2021లో ప్రచురించారు. గోధుమగడ్డి రసం పచ్చిది, కాచనిది. కీమో పడితే తెల్లకణాలు తగ్గే రోజుల్లో పచ్చి రసాల ద్వారా వచ్చే సూక్ష్మక్రిములు ప్రమాదం. కీమో లేకపోతే అంత భయపడనక్కర్లేదు గాని, అది క్యాన్సర్‌కు మందని అనుకోవద్దు. హోమియో గుళికలూ అంతే.

ప్రకృతి నుంచి వచ్చింది మంచిది, ఆస్పత్రిలో ఇచ్చేది రసాయనం అని మీ తోటి టీచరు అని ఉంటుంది. సైన్సు పాఠంలో చెప్పదగిన సంగతి ఒకటి వినండి. పిల్లల రక్తక్యాన్సర్‌లో వాడే విన్‌క్రిస్టీన్ మన పెరట్లో పూసే బిళ్లగన్నేరు నుంచి వచ్చింది. రొమ్ము క్యాన్సర్‌కు ఇచ్చే పాక్లిటాక్సెల్‌ను అమెరికా అడవుల్లోని యూ చెట్టు బెరడులో కనుగొన్నారు. నిజమైన చెట్టు బెరడు మందు అదే. రోగులు ఎర్ర మందు అని పిలుచుకునే డోక్సోరుబిసిన్‌ను మట్టిలో బతికే సూక్ష్మజీవి నుంచి తీశారు. చెట్లలో మందు లేదని మేమెవరం అనం. వందల కిలోల బిళ్లగన్నేరు ఆకుల నుంచి ఒక గ్రాము మందు వస్తుంది. దాన్ని వేరుచేసి, ఎంతకు పనిచేస్తుందో, ఎంతకు ప్రాణం తీస్తుందో వేలమందిలో చూసి, మీ ఎత్తూ బరువూ లెక్కగట్టి మిల్లీగ్రాముల్లో ఇస్తారు. ఆకు నమిలితే ఆ లెక్క ఉండదు, విషం మాత్రం ఉంటుంది.

యేల్ పరిశోధకులు అదే ఏడాది ఇంకొకటి కూడా ప్రచురించారు. నాకు అదే మరింత విలువైనదిగా తోస్తుంది. ఈసారి కనీసం ఒక ప్రామాణిక వైద్యమైనా చేయించుకుంటూ, వేరే మందులు కూడా తోడుగా వాడిన 258 మందిని చూశారు. తోడుగా వాడినా వాళ్లలో మరణం ముప్పు రెట్టింపు ఉంది. ఎందుకని చూస్తే, వాళ్లు వైద్యంలో ఏదో ఒక భాగాన్ని వదిలేశారు. మూడో వంతు మంది కీమో కాదన్నారు, సగం మంది రేడియేషన్ కాదన్నారు, మూడో వంతు మంది హార్మోను మాత్రలు కాదన్నారు. ఆకుపసరు ఒంట్లో చేసిన చెరుపు కంటే మనసులో చేసిన చెరుపు ఎక్కువన్నమాట. ‘ఇది వాడుతున్నాం కదా, అది మానేసినా పరవాలేదు’ అనిపించింది. మీ విషయంలో నాకు భయం ఆపరేషన్ దగ్గర అంతగా లేదు. రెండో ఏడాదిలో, ఒంట్లో ఏ బాధా లేనప్పుడు, రోజూ మాత్ర వేసుకోవడం విసుగనిపించి, కీళ్లు నొప్పెట్టి, ఎవరో ఇచ్చిన కషాయం చాలనుకునే రోజున భయం. మాత్ర మానాలనిపిస్తే మానకముందే డాక్టరుతో మాట్లాడండి. మార్చడానికి వేరే మాత్రలు ఉన్నాయి.

మీ ఉత్తరంలో అసలు బాధ చివరి వాక్యాల్లో ఉందనిపించింది. కీమోలో పోయిన ఆ సహోద్యోగి. ఆమెది ఏ క్యాన్సరో, ఏ దశో, గుండె ఎలా ఉందో మీకూ నాకూ తెలియదు. కీమోలో ప్రమాదం లేదని చెప్పను. తెల్లకణాలు పడిపోయినప్పుడు జ్వరం వస్తే గంటల్లో ఆస్పత్రికి చేరాలి. చేరనివారిని పోగొట్టుకున్నాం. అయితే మీకు కీమో పడుతుందో లేదో ఇంకా తేలలేదు. ఈ సంగతి మీరు గమనించారో లేదో.

మెనోపాజ్ దాటి, గ్రంథులకు పాకని, హార్మోను పాజిటివ్, హెర్2 నెగెటివ్ రకం ఉన్నవారిలో చాలామందికి కీమో అవసరం లేదు. 2018లో వెలువడిన టైలరెక్స్ అధ్యయనంలో పదివేల మందికి పైగా స్త్రీలు పాల్గొన్నారు. గడ్డలోని జన్యువుల పరీక్షలో స్కోరు 25 లోపు ఉండి, 50 ఏళ్లు దాటినవారికి హార్మోను మాత్రలతో పాటు కీమో ఇచ్చినా అదనపు ప్రయోజనం కనిపించలేదు. ఆ పరీక్ష మన దగ్గర ఖరీదైనదే. ఆపరేషన్ తర్వాత వచ్చే రిపోర్టు చూసి, మీకు అది అవసరమా, దానికి బదులు వేరే పరీక్షలు ఉన్నాయా, కీమో ఇస్తే మీకు కలిగే లాభం నూటికి ఎంత అని డాక్టరును నిలదీసి అడగండి. కీమో తప్పించుకునే నికార్సయిన దారి ఇదీ. బెరడు దగ్గర లేదు.

రొమ్ము మొత్తం తీసేస్తారేమోననే మాట మీరు రాయలేదు, అయినా ఆ దిగులు లేని స్త్రీని నేను చూడలేదు. రెండున్నర సెంటీమీటర్ల గడ్డకు రొమ్మును ఉంచి గడ్డనూ చుట్టూ కొంత భాగాన్నీ మాత్రమే తీసే ఆపరేషన్ చాలాసార్లు సాధ్యమే. ఆ తర్వాత రేడియేషన్ తప్పనిసరి. మిలాన్‌లోనూ అమెరికాలోనూ 20 ఏళ్లు గమనించి 2002లో ఫలితాలు చెప్పారు, రెండు పద్ధతుల్లోనూ ఆయుష్షు ఒకటే.

ఇక నేను మనస్ఫూర్తిగా వాడమనేవి. రోజూ అరగంట నడక. వైద్యం జరుగుతున్నప్పుడు వచ్చే నీరసానికి మంచం మీద పడుకోవడం కంటే నడకే ఎక్కువ పనిచేస్తుంది. యోగా, ప్రాణాయామం, ధ్యానం. అమెరికా క్యాన్సర్ వైద్యుల సంఘం 2023లో ఆందోళనకూ దిగులుకూ వీటిని సిఫారసు చేసింది. ఆపరేషన్ అయిన వైపు చేతిని ఎంతవరకు ఎత్తవచ్చో ఫిజియోథెరపిస్టును అడిగాకే ఆసనాలు వేయండి. మాత్రల వల్ల కీళ్లనొప్పులు వస్తే ఆక్యుపంక్చర్ చేయించుకోవచ్చు, శుభ్రమైన కొత్త సూదులు వాడేచోట. కీమో పడితే వాంతి మాత్రలకు తోడుగా అల్లం. రోజుకు అర గ్రాము నుంచి ఒక గ్రాము అల్లం ఇస్తే వికారం తగ్గిందని 2012లో 576 మందితో చేసిన పరీక్షలో తేలింది. ఆపరేషన్‌కు రెండు వారాల ముందు నుంచి మాత్రం అల్లం, వెల్లుల్లి, చేపనూనె మాత్రల వంటివి ఆపాలి, రక్తస్రావం పెరగవచ్చు. పూజ, భజన, పాట మీకు ధైర్యం ఇస్తే అవీ వైద్యంలో భాగమే. ఆ గంట కోసం మందు వేళ మార్చమని అడిగినా మేం సర్దుబాటు చేస్తాం.

తిండి దగ్గర మాత్రం ఎవరి మాటా వినవద్దు. పప్పు, గుడ్డు, పెరుగు, చేప, ఇంట్లో అలవాటైన కూరలు కడుపునిండా తినండి. చక్కెర మానేస్తే క్యాన్సర్ మాడి చస్తుందనే మాట నమ్మి మొత్తం అన్నమే మానేసినవారిని చూశాను. క్యాన్సర్ కంటే ముందు మనిషి మాడుతుంది.

ఒక చిన్న నోటు పుస్తకం పెట్టుకోండి. ఏ మాత్ర, ఏ పొడి, ఏ రసం, ఎప్పటి నుంచి, ఎంత అని రాయండి. డబ్బాలు సంచిలో వేసుకుని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లి బల్ల మీద పెట్టండి. ఆయన విసుక్కుంటే, ఇది నా ప్రాణం, చూసి చెప్పండి అని గట్టిగా అనండి. తరగతి గదిని అదుపులో పెట్టే గొంతు మీకుంది.

ఎవరైనా క్యాన్సర్ నయం చేస్తామని ప్రకటన ఇస్తే అది 1954 నాటి చట్టం ప్రకారం నేరం. గ్యారంటీ ఇచ్చేవారి దగ్గరి నుంచి లేచి వచ్చేయండి. క్యాన్సర్ వైద్యం తెలిసిన ఏ డాక్టరూ ఆ మాట వాడడు. ఖర్చు కోసం మీ ఉద్యోగుల ఆరోగ్య పథకం కింద ఏమేమి వస్తాయో ఆపరేషన్‌కు ముందే తెలుసుకోండి. తెల్లకార్డు ఉన్న పాఠకులు ఆస్పత్రిలోని ఆరోగ్యమిత్రను కలవండి. తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబరులో 10 లక్షల రూపాయలకు పెంచారు.

జబ్బు నాలుగో దశలో ఉండి నయం కాదని తెలిసినవారు ఈ జవాబు చదువుతూ ఉండవచ్చు. మీకు చెప్పవలసింది కొంచెం వేరు. నొప్పి లేకుండా, ఇంటివారి మధ్య ఉండటం మీ హక్కు. ఎం.ఎన్.జె.లో ఉపశమన వైద్య విభాగం ఉంది, మార్ఫిన్ దొరుకుతుంది. దూరపు ఊళ్లకు బెరడు కోసం బస్సుల్లో తిరిగి మిగిలిన బలాన్ని ఖర్చు చేసుకోవద్దు.

టీచరుగారూ, ఇక బావగారి సంగతి. ఆయన మీద కోపం పెట్టుకోవద్దు. చేతులు కట్టుకుని కూర్చోలేక ఏదో ఒకటి చేయాలనుకుంటున్న మనిషి ఆయన. ఈసారి డాక్టరు దగ్గరికి ఆయన్నే వెంట తీసుకెళ్లండి. కత్తి పెడితే పాకదా అని ఆయన నోటితోనే అడగనివ్వండి, జవాబు ఆయన చెవులతోనే విననివ్వండి. ఆ తర్వాత ఆయనకు పని అప్పగించండి. రేడియేషన్ వారానికి అయిదు రోజుల చొప్పున మూడు నుంచి అయిదు వారాలు ఉంటుంది. హైదరాబాద్‌లో ఉండే చోటు చూడటం, రోజూ తీసుకెళ్లి తీసుకురావడం ఆయన బాధ్యత అనండి. శివమొగ్గ ప్రయాణానికి తీస్తానన్న కారు దానికి పనికొస్తుంది. అయినా ఆయన ఒప్పుకోకపోతే, బావగారూ, మీ మాట ఎప్పుడూ కాదనలేదు, ఈ ఒక్కదానిలో నా మాట నెగ్గనివ్వండి అని చెప్పి సంతకం మీరే చేయండి. ఆపరేషన్ కాగితం మీద రోగి సంతకమే కావాలి.

మీ అమ్మాయికి ఈ రాత్రే ఫోను చేసి తేదీ తీసుకుంటున్నానని చెప్పండి. ఆపరేషన్ అయ్యాక వచ్చే పాథాలజీ రిపోర్టులో గ్రంథులు ఎన్ని చూశారో, ఎన్నింటిలో జబ్బు ఉందో, గ్రేడు, కణాలు ఎంత వేగంగా పెరుగుతున్నాయో చెప్పే కేఐ67 ఎంతో ఉంటాయి. కీమో ప్రశ్న అప్పుడు మళ్లీ వస్తుంది. ఆ కాగితం నకలు జతచేసి నాకు రాయండి.